నీళ్ళు తాగే దిండ్లు

గది మనకే అన్న మాట చెవిన పడే వేళకి కోడలు తడిబట్టల బకెట్‌తో మెట్ల మధ్యలో ఉంది. కింది నుంచి భర్త రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి, బకెట్ అందుకోవడానికన్నట్టు వంగి, చెవిలో ఆ రెండు మాటలూ ఊది, ఏమీ ఎరగనివాడిలా మొహం పెట్టాడు. ఆఫీసు సంచీ ఇంకా భుజాన్నే ఉంది.

ఏ గది అని ఆమె అడగలేదు. ఆ ఇంట్లో ఖాళీ అయ్యే గది మరొకటి లేదు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి వాళ్ళ కాపురం ముందు హాల్లో, ఒక తెర వెనక. మంచినీళ్ళకని అటుగా వెళ్ళే మామగారు తెర దగ్గరికి రాగానే ఒక దగ్గు దగ్గుతారు, నేనేలే, మీరు పడుకోండి అన్నట్టు. ఆ దగ్గు వినగానే ఇద్దరికీ నవ్వొస్తుంది. నవ్వు ఆపుకోలేక ఒకరి భుజంలో ఒకరు మొహం దూర్చుకుంటారు. అదీ ఒక సరదాయే. కానీ తలుపున్న గదిలో గట్టిగా నవ్వితే ఎలా ఉంటుందో ఆమెకింతవరకు తెలియదు.

బకెట్ బరువే లేనట్టు మిగతా మెట్లన్నీ ఎక్కేసింది. పై గది తలుపు ముందు మాత్రం ఆగిపోయింది. లోపల కుట్టుమిషను టకటకలాడుతోంది. మొహం మీది సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచక, బకెట్‌లోంచి ఒక తువ్వాలు తీసి దులుపుతున్నట్టు దానికి అడ్డంగా పట్టుకుని లోపలికి నడిచింది.

పెద్దత్త మిషను మీంచి తలెత్తకుండానే పాదం ఆపింది. ఆవిడ మామగారికి అక్క. ఆ మిషనూ ఆవిడా ఆ గదిలో ఎప్పటి నుంచి ఉన్నారో కొత్తగా వచ్చిన కోడలికి ఎవరూ చెప్పలేదు, గోడలెప్పటివో చెప్పనట్టే. గది పొడుగునా, కిటికీ దగ్గర మేకు నుంచి తలుపు దగ్గర మేకు దాకా, బట్టలారేసే తీగ. చలికాలం వచ్చిందంటే ఇంటిల్లిపాది బట్టలూ దాని మీదే. అవతల స్నానాల గది కాబట్టి ఆ గోడ వెచ్చగా ఉంటుందనీ, ఎలాగూ ఉండేది ఒక్క మనిషే కదా అనీ ఎవరో ఎప్పుడో అనుకున్నారు, అదే ఏర్పాటైపోయింది. ఆ తడిబట్టల కిందే ఆవిడ మంచం, ఆవిడ మిషను. ఇప్పుడు మామగారి ప్యాంటు కాళ్ళని రెండు చేతులా పక్కకి తప్పించి, వాటి మధ్య నుంచి తొంగిచూసి "రా పిచ్చుకా" అంది. కోడలు వచ్చిన వారంలోనే పెట్టిన పేరది. ఎందుకని అడిగితే, ఉన్నచోట ఉండవు కాబట్టి అంది.

కిటికీ రెండు రెక్కల చెక్క కిటికీ. అద్దాల నిండా నీటి బొట్లు. ఒక్కో బొట్టూ పక్కదాన్ని కలుపుకుని, బరువెక్కి, గీత గీసుకుంటూ కిందికి జారి చెక్కలోకి ఇంకుతోంది. కింది చెక్క మీద రంగు బొబ్బలెక్కి, పెచ్చులూడి, లోపలి చెక్క పాలలో నానిన రొట్టెలా మెత్తబడి నల్లగా ఉంది. కిటికీ గట్టు మీద వరసగా సన్నటి పొడుగాటి దిండ్లు. కుట్టగా మిగిలిన గుడ్డముక్కలతో పెద్దత్త చేసినవి. అద్దాల మీంచి దిగే నీళ్ళని అవి తాగుతాయి. రోజూ పొద్దున వాటిని గిన్నెలోకి పిండి, తీగ మీద ఓ మూలగా ఆరేసి, పొడివి పెడుతుంది. ఒకటి గళ్ళది, ఒకటి చుక్కలది, ఒకటి ఎవరిదో చిన్నపిల్ల గౌనుది. అంచులన్నిటికీ రంగు దారంతో గొలుసుకుట్టు. నీళ్ళు తుడిచే పేలికకి ఇంత ముస్తాబెందుకు, ఎవరు చూస్తారని కోడలు ఒకసారి అడిగితే, "నేను చూస్తాగా" అంది.

కోడలు తువ్వాలు ఆరేసింది. దులిపిందే మళ్ళీ దులిపింది.

"నీ మొహానికి దాచడం చేతకాదులే" అంది పెద్దత్త, దారం కొరుకుతూ. "ఆదివారం నా సామానుకి బండి వస్తుందట. ఈ లోపల రంగు వేయించుకోండి. నీకేది ఇష్టమైతే అదే వేయించుకో, వాళ్ళనీ వీళ్ళనీ అడక్కు."

మిషను మళ్ళీ కదిలింది. కోడలు చేతిలోని క్లిప్పు జారి మంచం కిందికి పోయింది. అది వెతకడానికని వంగి, కావలసినంత సేపు అక్కడే ఉండిపోయింది.

*

భోజనాల దగ్గర మామగారు సంగతంతా చెప్పారు. తమ్ముడి కొట్టు వెనక ఒక గది ఖాళీగా ఉంది. కిటికీ లేదు కానీ పొడిగా ఉంటుంది. కొట్టు తెరిచే వేళా మూసే వేళా ఒక మనిషి ఉన్నట్టూ ఉంటుంది. అడిగితే అక్క సరే అంది.

వదిన ఏదడిగినా సరే అనే అంటుందనీ, ఆ మాట ఆవిడ నోట్లో అరిగిపోయి నున్నబడిపోయిందనీ అత్తగారు నవ్వింది. తర్వాత నవ్వు తీసేసి, ఇందులో ఆవిడని పొమ్మనడమేమీ లేదని కోడలికి విడమరిచి చెప్పింది. ఆ గది వల్ల ఇల్లు పుచ్చిపోతోంది. నెమ్ము పై గోడ నుంచి కింది గోడకి దిగుతోంది. కిటికీ ఒక్క రోజు తెరిచిన పాపాన పోలేదు. గాలాడనీ వదినా అంటే చలి పడదంటుంది. కోడిపెట్ట గుడ్ల మీద కూర్చున్నట్టు ఆ కిటికీ మూసుకుని కూర్చుంటే చెక్క కుళ్ళక ఏం చేస్తుంది. ఒక్క మనిషి ఊపిరికి ఇన్ని నీళ్ళా అని వచ్చిన వాళ్ళు కూడా ముక్కున వేలేసుకుంటున్నారు.

పెద్దత్త అక్కడే ఉంది. వేరే ఇంటి సంగతేదో వింటున్నట్టు వింటూ తన కంచం తను కడుక్కోవడానికి లేచింది.

"కింద కుళ్ళిందే కానీ పైన చూడమ్మా, రంగు చెక్కు చెదరలేదు" అన్నారు మామగారు, కోడలి వైపు తిరిగి. ఈ కథ ఆమెకి ఇది రెండోసారో మూడోసారో. అయినా ఆయన చెప్పే తీరుకి ఆమెకి ముచ్చటేస్తుంది. అది వీడు, ఈ కొడుకు, పరీక్ష తప్పి వచ్చిన ఏడాది. ఆయన వీడితో మాట్లాడడం మానేశారు. ఇంటిల్లిపాదీ ఊరెళ్ళారు, వీణ్ణీ అక్కనీ వదిలి. తిరిగొచ్చేసరికి, డబ్బాల అడుగున మిగిలిన రంగులేవో కలిపి, నెమలి మెడలాంటి రంగొకటి పుట్టించి, ఎవరూ చెప్పకుండానే ఆ కిటికీకి వేసి కూర్చున్నాడు. ఒక్క చుక్క అద్దం మీద పడలేదు. "వీడికి చెయ్యుందని ఆ రోజే తెలిసింది నాకు."

భర్త చెవులు ఎర్రబడ్డాయి. ఆమె వాటినే చూస్తూ ఉండిపోయింది. రంగులేసే మనిషి వచ్చే నెల దాకా రానన్నాడని మామగారు అంటుంటే, నేనే వేస్తానని నోరు జారింది. హాస్టల్లో మా గదికి రంగు మేమే వేసుకునేవాళ్ళమంది. చదువుకున్న పిల్ల బ్రష్షు పట్టుకుంటే వీధిలో వాళ్ళేమనుకుంటారని అత్తగారు, వీధిలోకి ఆ కిటికీ ఎప్పుడు కనిపించింది గనకనని మామగారు. సాయంత్రాలు నేనూ సాయం చేస్తానని భర్త. ఆ మాటతో ఆమెకి కడుపు నిండిపోయింది.

*

మర్నాడు పెద్దత్త మంచాన్ని వంటింటి పక్క నడవలోకి దించారు. మిషను మెట్ల మలుపు దగ్గర పెట్టారు, ఆదివారం మళ్ళీ దించే పని తప్పుతుందని. రంగేసేటప్పుడు గదిలో తడి ఉండకూడదని రంగుల కొట్టాయన చెప్పడంతో బట్టలు కింద హాల్లో కుర్చీల మీదా తలుపుల మీదా ఆరేశారు. ఆయన ఇంకా చాలా చెప్పాడు. ముందు బ్లీచింగ్ నీళ్ళతో తుడిచి నల్లటి బూజు చంపు. మెత్తబడిన చెక్కంతా గట్టి చెక్క తగిలే దాకా గీకు. ఫ్యాను పెట్టి ఆరనివ్వు, తడి మీద రంగేస్తే తడిని లోపల పెట్టి తాళమేసినట్టే. గుంటల్లో లప్పం కూరు. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు వేసి, అప్పుడు రంగు. రెక్కలు తెరిచిపెట్టి వెయ్యమ్మా, మూసి వేస్తే అతుక్కుపోతాయి. ఇదంతా ఆమె దారి పొడుగునా పాఠంలా వల్లించుకుంటూ వచ్చింది.

ఖాళీ గదిలో మొదట ఆమె చేసిన పని రంగు పని కాదు. గోడ మీద భర్త చొక్కా తగిలించే మేకు ఎక్కడుండాలో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకుంది. అద్దానికి ఇంకో చుక్క. తలుపు గడియ ఒకసారి వేసి, తీసి, మళ్ళీ వేసి, ఆ చప్పుడు విని తనలో తనే నవ్వుకుంది. అప్పుడు కొంగు బిగించి పనిలోకి దిగింది.

బూజు తుడుస్తుంటే గుడ్డ నల్లగా వచ్చింది. గీకుడు కత్తితో కింది చెక్క మీద రంగు పొరని లేపితే, దాని వెనక దాక్కున్న నీళ్ళు వేళ్ళ మీంచి మోచేతి దాకా కారాయి. పుచ్చిన చెక్క పొడిగా కాదు, ముద్దలు ముద్దలుగా ఊడొచ్చింది. ఒకచోట వేలు రెండో కణుపు దాకా దిగిపోయింది. ఇన్ని రోజులూ ఈ వాసనలో ఆవిడ ఎలా పడుకుందా అనుకుంది. మరుక్షణం, తన కొత్త పరుపుకి ఈ వాసన పడుతుందేమోనని కూడా అనుకుంది.

పెద్దత్త నడవలో కూర్చోలేక మాటిమాటికీ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో చతికిలబడేది. తుడుచుకోవడానికి పాత గుడ్డలు చించి ఇచ్చేది. కోడలు చేతికి బొబ్బ లేస్తే గుడ్డ చుట్టి ముడేసింది. అంతా బాగానే ఉంది కానీ, కోడలు కిటికీ గొళ్ళెం మీద చెయ్యి వేసినప్పుడు మాత్రం గుమ్మంలోంచి అంది, "దాన్ని లాగకు తల్లీ. పుచ్చిన చెక్క, విరిగి చేతికొస్తుంది. కింద బాగు చేసుకో చాలు. పైన వాడు వేసింది అలాగే ఉండనీ."

ఆవిడకి మేనల్లుడంటే ఎంత ప్రాణమో అనుకుంది కోడలు. తనకీ ఆ నెమలిమెడ రంగు మీద ముచ్చటగానే ఉంది. రంగుల కొట్టాయన దగ్గర అలాంటిదే కలిపించి తెచ్చుకుంది కూడా. అయినా రెక్కలు తెరవకుండా వేస్తే ఎలా? రేపు చూద్దాంలే అనుకుని ఫ్యాను పెట్టి దిగిపోయింది.

శుక్రవారం పొద్దున హాల్లో కిటికీ అద్దాలు మసకబడ్డాయి. బొట్లు కట్టి, గట్టు మీదికి కారాయి. అత్తగారు గుడ్డ పెట్టి తుడుస్తూ, చూశారా, మా వదిన కిందికి దిగింది, దాంతో పాటు కిటికీ ఏడుపూ దిగింది, ఆ మనిషి ఎక్కడుంటే అక్కడ చెమ్మే అంది. మామగారు పేపరు వెనక నుంచి నవ్వారు. నడవలో మంచం మీద దుప్పటి మడతపెడుతున్న పెద్దత్త మడత సరిగా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

కోడలు పైకి వెళ్ళి చూసింది. పై గది అద్దాలు పొడిగా ఉన్నాయి. హాల్లో కుర్చీల మీద, తలుపుల మీద, తన తెర మీద ఆరుతున్న బట్టలు అప్పుడు కళ్ళ ముందు మెదిలాయి. ఊపిరి తీసేది ఒక్క మనిషి. తీగ మీద తడి అందరిదీ.

ఆ సంగతి కిందికెళ్ళి చెబుదామా అనుకుంది. కొత్తకోడలికి ఎందుకొచ్చిన గొడవని గరుకు కాగితం అందుకుంది.

*

ఆ మధ్యాహ్నం ఆమె రెక్కల మధ్య సందు కోసం వెతికింది. రెండు రెక్కలు కలిసేచోట ఒక గీత ఉండాలి కదా. గీత ఉంది కానీ సందు లేదు. సందు నిండా రంగే. గోరు పెట్టి చూసింది, దిగలేదు. కత్తి మొన పెట్టి నొక్కితే తాడు మందాన రంగు పొర లేచింది. పై గొళ్ళెం కడ్డీ చట్రంలోని కన్నంలోకి వెళ్ళేచోట కూడా రంగు నిండి గడ్డకట్టి ఉంది. రెక్కకీ చట్రానికీ మధ్య చుట్టూ చూసింది. పైనుంచి కింది దాకా ఒక్కచోట కూడా చీలిక లేదు, పగులు లేదు. ఆ రంగు వేసిన తర్వాత ఆ కిటికీ ఒక్కసారి తెరిచినా అక్కడ గీత విరిగి ఉండేది.

వేసింది ఎవరో తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. సందులోని రంగు నెమలిమెడ రంగు. ఒకే పొర. లోకంలో ఇంకెవరి దగ్గరా లేని రంగు.

కత్తి పక్కన పెట్టి నేల మీద కూర్చుండిపోయింది. మొదట వచ్చిన ఆలోచన, దీన్ని కదపకుండా ఉంటే బాగుండేదని. ఇంకొంచెం లప్పం, ఇంకో పొర రంగు. ఆదివారం బండి వెళ్ళిపోయాక తీరిగ్గా తెరుచుకోవచ్చు. గోడ మీది రెండు పెన్సిల్ చుక్కలూ ఆమెనే చూస్తున్నాయి. కింద నడవలో పెద్దత్త దగ్గు వినిపించింది.

సాయంత్రం భర్త రెండు గ్లాసుల టీతో పైకి వచ్చాడు. మెట్ల మీదే ఈల. ఆమె అతని చెయ్యి పట్టుకుని, చూపుడువేలిని సందు మీద పెట్టి, పైనుంచి కిందికి నడిపించింది. సగానికి వచ్చేసరికి వేలు తనంతట తనే ఆగిపోయింది.

"ఆ రోజు వాన పడుతోంది" అన్నాడు. "జల్లు లోపలికి కొడుతోందని మూసేసి వేశాను."

"తర్వాత తెరిచి చూడలేదా?"

"నాన్న వచ్చి బాగుందన్నారుగా."

టీ చల్లారిపోయింది. ఇద్దరూ వంతులవారీగా కత్తి పట్టుకుని సందు పొడుగునా రంగుని కోశారు, గొళ్ళెం కన్నంలోని రంగు గీకి కడ్డీని దించారు. అతను చిన్న చెక్కముక్క ఆన్చి అరచేత్తో మెల్లగా తట్టాడు. ఒకసారి, ఇంకోసారి. కొత్త గుడ్డ చింపినట్టు చప్పుడయి రెక్క ఊడొచ్చింది. చలిగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి ఖాళీ తీగని ఊపింది. రంగు పొర పొడుగాటి రిబ్బనులా రెక్క అంచు నుంచి వేలాడింది.

ఆ చప్పుడుకి పెద్దత్త ఎప్పుడు మెట్లెక్కి వచ్చిందో, గుమ్మంలో ఉంది. కిటికీ వైపు చూడలేదు. ముందు మేనల్లుడి మొహం చూసింది. ఆ తర్వాతే కిటికీ దగ్గరికి నడిచి, వాన పడుతోందేమో చూడడానికన్నట్టు అరచెయ్యి బయటికి చాపింది. వాన లేదు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాడతను.

"ఏం చెప్పను. ఆ రోజు మీ నాన్న టీ తెచ్చుకుని ఇక్కడే నిలబడి తాగాడు. అన్నాళ్ళకి నిన్ను పేరు పెట్టి పిలిచాడు. నువ్వేమో తల ఎత్తలేక బ్రష్షు కడుగుతూ కూర్చున్నావు. అప్పుడు నేను లేచి, ఒరే ఇది తెరుచుకోవట్లేదు అనమంటావా?"

"ఆ తర్వాతైనా..."

"తర్వాతంటే ఎప్పుడురా. నెల పోయాక చెబితే నెల నుంచి ఎందుకు చెప్పలేదంటారు. ఏడాది పోయాక చెబితే ఏడాది నుంచి అంటారు. చలి పడదంటే సరిపోయింది." ఆవిడ అరచెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుంది, అందులో ఏదో పడ్డట్టు. "ఇందాక మీరు కోస్తుంటే కింద మా మరదలికి వినిపించలేదులే. మళ్ళీ నాలుగు చుక్కలు రంగేసేయండి."

ఆవిడ దిగిపోయాక అతను రెక్కని వేళ్ళతో కదుపుతూ నిలబడ్డాడు. తెరిచాడు, మూశాడు. చివరికి, నాన్నకి చెప్పకు అన్నాడు. చెప్పినా ఇప్పుడేమీ మారదన్నాడు. ఆమె అతని చెవుల వైపు చూసింది. మొన్న భోజనాల దగ్గర అంత ముద్దొచ్చిన చెవులు. గ్లాసులు తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మామగారు తెర దగ్గర దగ్గితే ఇద్దరికీ నవ్వు రాలేదు.

*

శనివారం ఆమె పొద్దున్నే లప్పం పెట్టి, ఆరాక రుద్ది, రెక్కలు బార్లా తెరిచి తెల్లటి ప్రైమరు వేసింది. చేతులు పని చేస్తున్నాయి కానీ మనసు వాటి వెంట లేదు. మధ్యమధ్యలో లేచి రెక్కలని కొంచెం కదిపి వస్తోంది, ఎక్కడా అతుక్కోకుండా. మెట్ల మలుపులో మామగారు పెద్దత్త మిషనుకి తాడు చుడుతున్నారు. చక్రం విరక్కుండా దాని కింద పాత దిండు పెట్టమని ఆవిడ చెబుతోంది. గట్టు మీది దిండ్లన్నీ ఒక సంచీలో కట్టేసి ఉన్నాయి.

భర్త ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. బట్టలు మార్చుకోకుండా పైకి వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. ఆ వెనకే మామగారు పని ఎంతవరకొచ్చిందో చూడడానికి వచ్చారు, అత్తగారూ వచ్చింది. పెద్దత్తని కూడా పిలిచారు, చివరిసారి చూసుకో అన్నట్టు.

మామగారు ఒక్క వేలితో రెక్క తోశారు. సాఫీగా వెళ్ళింది. లాగారు, వచ్చింది. చిన్నపిల్లాడిలా ఇంకోసారి తోశారు.

"చూశావా అక్కా" అన్నారు. కోపంగా కాదు, బుజ్జగింపుగానే అన్నారు. "ఇంత తేలిక పని. ఇన్నేళ్ళూ రోజుకొక్కసారి ఇలా అని ఉంటే ఇల్లు ఇలా అయ్యేదా? నీకిక్కడి నుంచి వెళ్ళే అవసరం వచ్చేదా?"

"నిజమేరా" అంది పెద్దత్త.

కోడలు బ్రష్షు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ప్రైమరు చుక్క ఒకటి బ్రష్షు చివరి నుంచి నేల మీద పడింది. భర్త వైపు చూడకూడదనుకుంది, చూడలేదు. ఇంకో చుక్క పడింది.

"అది అత్త మూసింది కాదు నాన్నా" అన్నాడతను. "నేను మూసి రంగేశాను. ఆ రోజే అతుక్కుపోయింది. నిన్న మేము కోస్తే తెరుచుకుంది."

మూలన పోగేసిన చెత్తలోంచి ఆ నెమలిమెడ రిబ్బను తీసి తండ్రి చేతికిచ్చాడు. మామగారు దాన్ని వేళ్ళ మధ్య తిప్పారు. అది పుటుక్కున విరిగింది. రెండు ముక్కలనీ కలిపి చూసి, కిటికీ గట్టు మీద పెట్టారు.

"సరేలే" అన్నారు. "చిన్నతనం. ఇప్పుడవన్నీ తవ్వుకుని ఏం లాభం. బండికి చెప్పేశాం."

మరిది అక్కడ గది కడిగించాడనీ, రేపు మంచి రోజనీ, ఎండ కూడా కాస్తుందంటున్నారనీ అత్తగారు అందుకుంది. అందరూ మెట్ల వైపు కదిలారు. పెద్దత్త కదల్లేదు.

"ఒరే తమ్ముడూ" అంది. సరే అనేటప్పుడు ఎంత మెల్లగా అంటుందో అంత మెల్లగానే. "కిటికీ తెరవట్లేదని కదూ నన్ను పంపిస్తోంది?"

మామగారు వెనక్కి తిరిగారు.

"ఇప్పుడు తెరుచుకుంది. రోజూ తెరుస్తాను. నేనిక్కడే ఉంటాను."

ఆ మాటకి బదులేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఇంతవరకు ఎప్పుడూ అవసరం పడలేదు. మామగారు తాడు చుట్టిన మిషను వైపు చూశారు. ముందుగా అందుకుంది అత్తగారే. నీకేం వదినా, అడిగావు, కానీ పిల్లలకి మాటిచ్చామే, కొత్తకోడలు చేతులు బొబ్బలెక్కేలా ఈ గది బాగుచేసుకుంది, దాని మొహం చూసి చెప్పు అంది.

అందరూ కోడలి మొహం చూశారు. పెద్దత్త కూడా చూసింది. బతిమాలుతున్నట్టు కాదు. మిషను మీంచి తలెత్తి, కొలత సరిపోయిందా అని చూసినట్టు.

కోడలు గోడ మీది పెన్సిల్ చుక్కల వైపు చూసింది. చొక్కా మేకుది, అద్దానిది. గది మీద మనసు ఇసుమంత కూడా చావలేదు. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే అవతలి మేడ మీద ఎవరో పరుపు దులుపుతున్నారు. గాలి వస్తోంది, చెక్క వాసన పోయి రంగు వాసన వస్తోంది, నిన్నటి కంటే ఈ రోజు ఈ గది ఇంకా బాగుంది. బ్రష్షుని నీళ్ళడబ్బాలో పెట్టి, చేతులు తుడుచుకుంది.

"రేపు పొద్దున్నే నేను రంగు వేసేస్తాను, రెక్కలు తెరిచిపెట్టి" అంది. "ఆరాక పెద్దత్తయ్య మంచం లోపలేద్దాం. మిషను ఆయనే పైకి ఎక్కిస్తారు. ఈ తీగ విప్పి కింద హాల్లో మా తెర ఉన్నచోట కట్టేద్దాం మామయ్యగారూ. ఇంక తెర అక్కర్లేదు, మీ ప్యాంట్లు చాలు."

మామగారికి నవ్వొచ్చిందో దగ్గొచ్చిందో, మొహం తిప్పుకున్నారు. భర్త అప్పటికే తీగ చివర మేకుని వేళ్ళతో కదిపి చూస్తున్నాడు.

"హాల్లో అద్దాలు ఏడుస్తాయి మరి" అంది పెద్దత్త.

"అందుకే, ఆ సంచీలోని దిండ్లు నాకో రెండు ఇవ్వండి. గౌనుది మాత్రం మీరే ఉంచుకోండి." కోడలు గట్టు మీది రంగు ముక్కలని అరచేతిలోకి ఊడ్చింది. "ఇంకా కావలసినవి రేపు మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని కుట్టుకుందాం. నాకు గొలుసుకుట్టు రాదు, నేర్పాలి."